ఉత్తరాల ఫైలు: కంప్యూటర్లలో ఈమెయిల్ నిల్వ పద్ధతుల చరిత్ర

కంప్యూటర్‌కు చేరిన ఈమెయిల్ చివరికి డిస్కు మీద ఏదో ఒక ఫైలులో నిలవాలి. ఆ ఫైలు ఎక్కడ ఉండాలి? ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఉండాలా, ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైలు కావాలా? చదవడం అయిపోయిన ఉత్తరం వచ్చిన చోటే ఉండాలా, మరో చోటికి మారాలా? మెయిల్ చదివే ప్రోగ్రాముల్లో కనిపించే నిల్వ సెట్టింగులన్నీ ఈ మూడు ప్రశ్నలకు జవాబులే. 1965 నుంచి యంత్రాలు, డిస్కులు, నెట్‌వర్కులు మారిన కొద్దీ ఒక్కో తరం వీటికి ఒక్కో జవాబు చెప్పింది. ఎక్కువసార్లు ఆ జవాబును తేల్చింది ఒకే విషయం: ఒకే ఫైలును ఒకే సమయంలో ఎన్ని ప్రోగ్రాములు ముట్టుకుంటాయన్నది. పాత జవాబుల్లో చాలావరకు పూర్తిగా పోలేదు కాబట్టి, నేటి ప్రోగ్రాముల్లోనూ 50 ఏళ్ల నాటి ఫైళ్ల పేర్లు వాడుకలోనే ఉన్నాయి.

తొలి పెట్టెలు

1960ల మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సి.టి.ఎస్.ఎస్. అనే టైమ్ షేరింగ్ వ్యవస్థ తయారైంది. ఒకే ఐ.బి.ఎం. 7094 యంత్రాన్ని చాలామంది తమ తమ టెర్మినళ్ల నుంచి ఒకే సమయంలో వాడుకునేవారు. ప్రతి ఒక్కరికీ డిస్కు మీద సొంత డైరెక్టరీ ఉండేది. ఒకరికొకరు కబురు చెప్పుకోవాలంటే, అందరూ చూడగల డైరెక్టరీలో ఎదుటివారి పేరు కనిపించేలా ఒక ఫైలు పెట్టి వెళ్లడమే మార్గం. ఆ కబురు ఇతరుల కంట కూడా పడేది.

దీనికి బదులుగా మెయిల్ కమాండ్ ఒకటి కావాలని లూయీ పూజాన్, గ్లెండా ష్రోడర్, పాట్ క్రిస్మన్ ఒక అంతర్గత పత్రంలో ప్రతిపాదించారు. 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ దాన్ని రాశారు. పంపిన సందేశం అందుకునేవారి డైరెక్టరీలో ‘మెయిల్ బాక్స్’ అనే పేరున్న ఫైలు చివర చేరేది. ఆ ఫైలును చదివే హక్కు, తుడిచే హక్కు యజమానికి మాత్రమే ఉండేవి. ప్రత్యేకంగా చదివే ప్రోగ్రాము అంటూ లేదు. మామూలు ఫైలును అచ్చు వేయించినట్లే దీన్నీ అచ్చు వేయించుకుని చదివేవారు.

1971లో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మెయిల్ పంపినప్పుడూ పెట్టె స్వభావం మారలేదు. అక్కడి పి.డి.పి.-10 యంత్రాల మీద నడిచే టెనెక్స్ వ్యవస్థలో మెయిల్ పెట్టె అంటే ఒక నిర్దిష్టమైన పేరున్న ఫైలు, అంతే. దానికున్న ప్రత్యేకత ఒక్కటే: ఇతరులు దాని చివర రాయగలరు గాని, ముందున్నది చదవలేరు, చెరపలేరు. టామ్లిన్సన్ చేసిన పనల్లా ఆ ‘చివర చేర్చడం’ నెట్‌వర్కు దాటి జరిగేలా చూడడం.

అర్పానెట్ అనే ఆ నెట్‌వర్కులో ఉత్తరాలు పెరిగేసరికి ఈ ఒక్క ఫైలుతో ఇబ్బంది మొదలైంది. కావలసిన ఉత్తరం దొరకాలంటే మొదటి నుంచీ అన్నీ టెర్మినల్ మీద పారించాల్సి వచ్చేది. 1972లో లారీ రాబర్ట్స్ రాసిన ఆర్.డి. అనే ప్రోగ్రాము ఆ ఫైలును ఉత్తరాల జాబితాగా చూపింది. కావలసినదాన్నే తెరిచి చదవడానికి, వేరే ఫైలులో దాచడానికి, తీసేయడానికి వీలు కల్పించింది. 1975లో జాన్ విట్టల్ రాసిన ఎం.ఎస్.జి. ఒక ఉత్తరాన్ని మరో ఫైలులోకి చేర్చి పాత చోట చెరిపేయడాన్ని ఒకే ఆజ్ఞగా మార్చింది. జవాబు రాసే ఆజ్ఞను కూడా ఇచ్చింది. మెయిల్ రీడర్ అనే ప్రోగ్రాము రూపుదిద్దుకున్నది ఈ దశలోనే. అయితే అది ఉత్తరాలకు యజమాని కాదు. ఉత్తరాలు ఫైలులో ఉంటాయి, రీడర్ వాటిని చూపిస్తుంది. ఈ విభజన తరవాతి చరిత్రకంతటికీ పునాది.

యునిక్స్‌లో రెండు చోట్లు

యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి ఎడిషన్ 1971 నవంబర్‌లో వెలువడినప్పుడే అందులో మెయిల్ కమాండ్ ఉంది. వచ్చిన ఉత్తరాలను అది చూపించి, దాచమంటారా అని అడిగేది. దాచమంటే అవి ‘ఎంబాక్స్’ అనే ఫైలుగా మిగిలేవి, వద్దంటే పోయేవి. కొత్త ఉత్తరాల చోటు వేరు, చదివి దాచుకున్న ఉత్తరాల చోటు వేరు అన్న ఏర్పాటు ఇలా మొదలైంది.

1979 నాటి ఏడో ఎడిషన్ వచ్చేసరికి కొత్త ఉత్తరాల పెట్టెలన్నీ ‘స్లాష్ యు.ఎస్.ఆర్. స్లాష్ స్పూల్ స్లాష్ మెయిల్’ అనే ఉమ్మడి డైరెక్టరీకి చేరాయి. అందులో ఒక్కో వినియోగదారు పేరుతో ఒక్కో ఫైలు ఉండేది. తరవాతి వ్యవస్థల్లో అదే డైరెక్టరీ ‘వార్’ కిందికి మారింది. ఎంబాక్స్ మాత్రం వినియోగదారు సొంత డైరెక్టరీలోనే నిలిచింది. ‘స్పూల్’ అనే ఆ ఉమ్మడి డైరెక్టరీ మీద పర్యవేక్షణ వ్యవస్థ నిర్వాహకులది. అక్కడ స్థలం పరిమితం. ఇంటి డైరెక్టరీ మీద హక్కు వినియోగదారుది. అందువల్ల చదివిన ఉత్తరాలను స్పూల్‌లో పేరుకోనీయకుండా ఇంటికి తెచ్చుకోవడం మర్యాదగానూ, అవసరంగానూ ఉండేది.

1978లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కర్ట్ షోన్స్ రాసిన బర్క్‌లీ మెయిల్ ఈ ఏర్పాటును వినియోగదారు చేతికి ఇచ్చింది. ఇంటి డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ‘మెయిల్ ఆర్‌సి’ అనే చిన్న ఫైలులో ఎవరికి నచ్చిన అమరిక వారు రాసుకోవచ్చు. ‘ఫోల్డర్’ అన్న మాటకు ఒక డైరెక్టరీ పేరు ఇస్తే, అప్పటినుంచి కూడిక గుర్తు పెట్టి రాసిన ఏ పేరైనా ఆ డైరెక్టరీలోని ఫైలే అవుతుంది. ‘రికార్డ్’కు ఒక ఫైలు పేరు ఇస్తే పంపిన ఉత్తరాల ప్రతులు అందులో చేరతాయి. ‘హోల్డ్’ అని పెడితే చదివిన ఉత్తరాలు ఎంబాక్స్‌కు మారకుండా స్పూల్‌లోనే ఉండిపోతాయి. ఈ మూడు అమరికలూ, దాదాపు ఇవే పేర్లతో, తరవాతి 20 ఏళ్లలో వచ్చిన టెర్మినల్ మెయిల్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి.

ఎంబాక్స్ లోపల

ఎంబాక్స్ నిర్మాణం చాలా సరళం. ప్రతి ఉత్తరం ముందు ‘ఫ్రమ్’ అన్న మాట, ఒక ఖాళీ, పంపినవారి గుర్తు, చేరిన తేదీ ఉన్న ఒక పంక్తి వస్తుంది. తరవాత ఉత్తరం, చివర ఒక ఖాళీ పంక్తి. ఆ వెంటనే మరో ‘ఫ్రమ్’ పంక్తితో తరవాతి ఉత్తరం మొదలవుతుంది. ఫైలు మొత్తం సాదా అక్షరాలే. ఏ ఎడిటర్‌లోనైనా తెరవవచ్చు, ఏ వెతుకుడు కమాండ్‌తోనైనా వెతకవచ్చు, రెండు పెట్టెలను కలపాలంటే రెండు ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి అతికిస్తే చాలు.

పాతకాలపు ఇళ్లలో ఉత్తరాలు గుచ్చే ఇనప తీగకు ఉన్న సుగుణమూ, ఇబ్బందీ రెండూ దీనికి ఉన్నాయి. కొత్తది గుచ్చడం క్షణంలో పని. మధ్యలోది తీయాలంటే పైవన్నీ తీసి మళ్లీ గుచ్చాలి. ఎంబాక్స్‌లో ఒక ఉత్తరాన్ని చెరిపితే దాని వెనక ఉన్న భాగాన్నంతా డిస్కు మీద తిరిగి రాయవలసిందే. చెరపడానికే కాదు, ‘ఈ ఉత్తరం చదివారు’ అన్న గుర్తు పెట్టడానికీ అదే పాట్లు. ఎందుకంటే ఆ గుర్తు ‘స్టేటస్’ అనే శీర్షిక పంక్తిగా ఉత్తరంలోనే ఉంటుంది. పెట్టెలో కొన్ని పదుల ఉత్తరాలున్న రోజుల్లో ఇది ఇబ్బంది కాలేదు. వేలకు చేరాక అయింది.

రెండో ఇబ్బంది ‘ఫ్రమ్’ మాటే. ఉత్తరం మధ్యలో ఒక ఇంగ్లీషు వాక్యం అదే మాటతో పంక్తి మొదట్లో పడితే, రీడర్ అక్కడ కొత్త ఉత్తరం మొదలైందనుకుంటుంది. అందుకని అలాంటి పంక్తి ముందు ‘కంటే పెద్దది’ గుర్తును చేర్చే ఆచారం వచ్చింది. కాని చదివేటప్పుడు ఆ గుర్తును తీసేయాలా వద్దా అన్నది తేలలేదు. గుర్తు ప్రోగ్రాము చేర్చిందో, రాసినవారే పెట్టారో తెలుసుకునే దారి లేదు. ఏ.టి. అండ్ టి. వారి సిస్టమ్ 5 యునిక్స్ దీనికి వేరే దారి పట్టింది: ప్రతి ఉత్తరంలోనూ దాని పొడవును ఒక శీర్షికగా రాసింది. ఆ అంకె ఎక్కడైనా తప్పితే, లేదా ఎవరైనా ఫైలును ఎడిటర్‌లో తెరిచి నాలుగు అక్షరాలు మారిస్తే, తరవాతి ఉత్తరాల సరిహద్దులన్నీ చెదిరిపోతాయి. 1995లో రాహుల్ ధేసి మరో సూచన చేశాడు: ముందే ‘కంటే పెద్దది’ గుర్తు ఉన్న పంక్తులకు కూడా మరొకటి చేర్చాలి, చదివేటప్పుడు ప్రతిదాని నుంచి ఒకటి తీసేయాలి. అప్పుడు అసలు పాఠం చెడకుండా తిరిగి వస్తుంది. కాని అప్పటికే పాత పద్ధతిలో రాసిన ఫైళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఫలితంగా ఎంబాక్స్ అన్న ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాలు చెలామణి అయ్యాయి. 2005లో ఆర్.ఎఫ్.సి. 4155 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం దీనికి ఒక అధికారిక వర్ణన ఇచ్చినా రకాలను ఒకటి చేయలేకపోయింది.

తాళాల సమస్య

మూడో ఇబ్బంది అన్నింటికన్నా లోతైనది. స్పూల్‌లోని ఫైలును రెండు ప్రోగ్రాములు ముట్టుకుంటాయి: కొత్త ఉత్తరం చేర్చే ప్రోగ్రాము ఒకటి, వినియోగదారు తెరిచిన రీడర్ మరొకటి. రీడర్ ఫైలును తిరిగి రాస్తున్న క్షణంలో కొత్త ఉత్తరం వచ్చి చేరితే ఆ ఉత్తరం పోవచ్చు, లేదా పెట్టె మొత్తం పాడు కావచ్చు. కాబట్టి ఒకరు రాస్తున్నప్పుడు మరొకరు ఆగాలి. అంటే ఫైలుకు తాళం వేయాలి.

తాళం వేయడానికి ఒక పద్ధతి అంటూ కుదరలేదు. పెట్టె పక్కనే ‘డాట్ లాక్’ అనే తోకతో మరో చిన్న ఫైలును సృష్టించడం పాత ఆచారం; అది కనిపిస్తే మిగతా ప్రోగ్రాములు ఆగాలి. బర్క్‌లీ యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో ఒక తాళాన్ని ఇచ్చింది, సిస్టమ్ 5 మరొక తాళాన్ని ఇచ్చింది. ఉత్తరం చేర్చే ప్రోగ్రాము ఒక తాళాన్ని, రీడర్ మరో తాళాన్ని నమ్ముకుంటే రెండూ లేనట్టే. 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ వారి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ వ్యాపించాక పరిస్థితి మరింత జటిలమైంది. స్పూల్ ఒక యంత్రంలో, రీడర్ మరో యంత్రంలో ఉండడం మామూలైంది. నెట్‌వర్కు మీదుగా వేసే తాళాలు నమ్మదగినవి కావు. ఆ కాలపు మెయిల్ రీడర్లను కంపైల్ చేసేటప్పుడు ఏ తాళం వాడాలన్నది నిర్వాహకులు ముందుగా తేల్చుకోవలసిన విషయాల్లో ఒకటి.

కొత్త ఉత్తరం వచ్చిందని తెలుసుకునే పద్ధతి కూడా ఫైలు లక్షణాల మీదే ఆధారపడింది. ఫైలును చివరగా మార్చిన సమయం, చివరగా చదివిన సమయం కన్నా తరవాతిదైతే కొత్త ఉత్తరం ఉన్నట్టు. ఈ చిన్న ఉపాయం ఆపరేటింగ్ సిస్టమ్‌నే ప్రభావితం చేసింది. చదివిన సమయాన్ని ప్రతిసారీ రాయడం డిస్కుకు భారమని లైనక్స్ దాన్ని తగ్గించాలనుకున్నప్పుడు, పూర్తిగా మానేస్తే ఎంబాక్స్ చూసే రీడర్లు దెబ్బతింటాయని తేలింది. అందుకని చదివిన సమయం మార్చిన సమయం కన్నా పాతదై ఉన్నప్పుడు తప్పక రాసేలా ‘రెల్‌ఎటైమ్’ అనే మధ్యేమార్గం వచ్చింది. 2009 నుంచి లైనక్స్‌లో అదే సహజ అమరిక.

ఉత్తరానికో ఫైలు

ఒకే ఫైలు వద్దనే ఆలోచన కొత్తది కాదు. 1979లో ర్యాండ్ కార్పొరేషన్‌లో బ్రూస్ బోర్డెన్ ఎం.హెచ్. అనే మెయిల్ వ్యవస్థను రాశాడు. దాని వెనక ఉన్న ఆలోచన నార్మన్ షపీరో, స్టాక్టన్ గెయిన్స్‌లది. అందులో ఫోల్డర్ అంటే ఒక డైరెక్టరీ. ఉత్తరం అంటే 1, 2, 3 అని అంకె పేరుగా ఉన్న ఒక ఫైలు. ఉత్తరాన్ని మార్చాలంటే ఫైలును మార్చడమే, చెరపాలంటే ఫైలును చెరపడమే. ఉత్తరాలెక్కడ ఉండాలన్నది ఇంటి డైరెక్టరీలోని ‘ఎం.హెచ్. ప్రొఫైల్’ ఫైలులో ‘పాత్’ అన్న ఒక్క పంక్తి నిర్ణయిస్తుంది. తరవాత అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్షల్ రోజ్, జాన్ రొమైన్ దీన్ని కొనసాగించారు. అయితే కొత్త ఉత్తరం ముందు స్పూల్‌లోని ఒకే ఫైలులో పడి, అక్కడి నుంచి ఈ డైరెక్టరీకి రావలసి ఉండేది. తాళాల సమస్య ఒక అడుగు వెనక్కి జరిగిందే గాని తీరలేదు.

ఇదే కాలంలో మరికొన్ని రూపాలు పుట్టాయి. డెలవేర్ విశ్వవిద్యాలయంలో తయారైన ఎం.ఎం.డి.ఎఫ్. ఉత్తరాల నడుమ నాలుగు కంట్రోల్-ఏ అక్షరాలను సరిహద్దుగా పెట్టి ‘ఫ్రమ్’ గొడవను తప్పించింది. ఈమాక్స్ ఎడిటర్‌లోని ఆర్‌మెయిల్ ‘బాబిల్’ అనే సొంత రూపం వాడింది. 2009లో వచ్చిన ఈమాక్స్ 23తో అది కూడా ఎంబాక్స్‌కే మళ్లింది.

అసలు మలుపు 1990ల నడుమ వచ్చింది. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ రాస్తున్న డేనియల్ బెర్న్‌స్టైన్ తాళమే అవసరం లేని పెట్టెను రూపొందించాడు. దాని పేరు మెయిల్‌డిర్. ప్రతి పెట్టె ఒక డైరెక్టరీ. దానిలో ‘టెంప్’, ‘న్యూ’, ‘కర్’ అని మూడు ఉప డైరెక్టరీలు. వచ్చిన ఉత్తరాన్ని ముందు టెంప్‌లో ఒక కొత్త ఫైలుగా రాస్తారు. పూర్తిగా రాసి డిస్కుకు చేరిందని తేలాకే అది న్యూలోకి వెళుతుంది. రీడర్ చూసిన తరవాత దాన్ని కర్‌లోకి మారుస్తుంది. ఫైలు పేరులో సమయం, ప్రోగ్రాము సంఖ్య, యంత్రం పేరు ఉంటాయి కాబట్టి రెండు ఉత్తరాలకు ఒకే పేరు పడదు. ఒక డైరెక్టరీ నుంచి మరో డైరెక్టరీకి మారడం ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో విడదీయరాని ఒకే చర్య. మధ్యలో కరెంటు పోయినా సగం ఉత్తరం ఎవరి కంటా పడదు. నెట్‌వర్కు ఫైల్ సిస్టమ్ మీద కూడా ఇది నిలబడుతుంది.

చదివినట్టు, జవాబిచ్చినట్టు తెలిపే గుర్తులు కూడా ఉత్తరం లోపల ఉండవు. ఫైలు పేరు చివర, ఒక కోలన్ తరవాత, ఒక్కో అక్షరంగా చేరతాయి. ఉత్తరం పాఠం చేరిన రోజు ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉంటుంది. మూల్యం లేకపోలేదు. ఉత్తరం ఎంత చిన్నదైనా డిస్కు మీద కనీసం ఒక బ్లాకు స్థలం తీసుకుంటుంది. వేల ఫైళ్లున్న డైరెక్టరీని తెరవడం ఆనాటి ఫైల్ సిస్టముల్లో నెమ్మది. విండోస్‌లో ఫైలు పేరులో కోలన్ ఉండకూడదు కాబట్టి అక్కడ ఈ రూపం యథాతథంగా నడవదు.

టెర్మినల్ రీడర్లు, వాటి అమరికలు

1986లో హ్యూలెట్ ప్యాకార్డ్‌లో డేవ్ టేలర్ రాసిన ఎల్మ్, 1989లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పైన్, 1995లో మైకేల్ ఎల్కిన్స్ రాసిన మట్ ఈ వారసత్వాన్నంతా సెట్టింగులుగా మార్చాయి.

పైన్ కొత్తవారి కోసం తయారైంది. ఇంటి డైరెక్టరీలో ‘మెయిల్’ అనే డైరెక్టరీని తానే సృష్టించి, పంపిన ఉత్తరాలకు ఒక ఫైలు, దాచినవాటికి ఒక ఫైలు ఏర్పాటు చేసేది. నెల మారగానే పంపిన ఉత్తరాల ఫైలుకు ఆ నెల పేరు పెట్టి పక్కన పెట్టమంటారా అని అడిగేది. దాని వెనక ఉన్న సి-క్లయింట్ అనే లైబ్రరీ మార్క్ క్రిస్పిన్‌ది. అది ఎంబాక్స్ ఫైలు మొదట్లో ఒక ఉత్తుత్తి ఉత్తరాన్ని పెట్టి, అందులో తన లెక్కలు రాసుకునేది. దాన్ని చెరపవద్దన్న హెచ్చరికే ఆ ఉత్తరానికి శీర్షిక. ఇతర రీడర్లలో అదే పెట్టెను తెరిచినవారికి ఆ ఉత్తరం మొదటి వరుసలో కనబడేది.

భారతదేశంలో చాలామంది తొలి ఇంటర్నెట్ వినియోగదారులకు పరిచయమైన రీడర్ కూడా పైనే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించినప్పుడు, తక్కువ ధరకు దొరికేది షెల్ ఖాతా. మోడెమ్ ద్వారా సంస్థ వారి యునిక్స్ యంత్రంలోకి ప్రవేశించి, అక్కడే అక్షరాల తెర మీద మెయిల్ చదవాలి. ఉత్తరాలన్నీ ఆ దూరపు యంత్రంలోని ఎంబాక్స్ ఫైళ్లలోనే ఉండేవి.

మట్ అమరికల విషయంలో అన్నింటికన్నా స్పష్టం. ‘స్పూల్‌ఫైల్’ కొత్త ఉత్తరాల చోటు. ‘ఫోల్డర్’ మిగతా పెట్టెలుండే డైరెక్టరీ. ‘ఎంబాక్స్’ చదివినవి చేరే ఫైలు. ‘మూవ్’ అలా చేర్చాలా వద్దా అన్న నిర్ణయం. ‘రికార్డ్’ పంపినవాటి చోటు. ‘పోస్ట్‌పోన్డ్’ సగంలో ఆపినవాటి చోటు. ‘ఎంబాక్స్ టైప్’ కొత్తగా సృష్టించే పెట్టె ఏ రూపంలో ఉండాలో చెబుతుంది: ఎంబాక్స్, ఎం.ఎం.డి.ఎఫ్., ఎం.హెచ్., మెయిల్‌డిర్, నాలుగింటిలో ఏదైనా. ఉన్న పెట్టె ఏ రూపంలో ఉందో మట్ తానే గుర్తిస్తుంది కాబట్టి ఒకే వినియోగదారు పాత పెట్టెలను ఒక రూపంలో, కొత్తవాటిని మరో రూపంలో ఉంచుకోవచ్చు. ఉత్తరాలను వేరు చేసి పెట్టెల్లో వేసే ప్రాక్‌మెయిల్‌లో ఈ ఎంపిక ఇంకా సంక్షిప్తం. పెట్టె పేరు చివర ఒక స్లాష్ ఉంటే మెయిల్‌డిర్, స్లాష్ తరవాత చుక్క కూడా ఉంటే ఎం.హెచ్., ఏదీ లేకపోతే ఎంబాక్స్.

సొంత కంప్యూటర్‌కు చేరిన పెట్టె

1984లో ఆర్.ఎఫ్.సి. 918తో మొదలైన పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్, 1988లో మూడో రూపానికి చేరింది. సర్వర్‌లోని ఉత్తరాలను దింపుకుని, సొంత కంప్యూటర్‌లో దాచుకుని, సర్వర్‌లో చెరిపేయడం దీని మూల పద్ధతి. ఫోన్ లైను వాడిన ప్రతి నిమిషానికీ డబ్బు కట్టే రోజుల్లో ఇది సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు పెట్టెను ముట్టుకునే ప్రోగ్రాము ఒక్కటే. తాళం ప్రశ్న పక్కకు తప్పుకుంది. వేగం, పరిమాణం ముందుకు వచ్చాయి.

1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డార్నర్ రాసిన యుడోరా ఈ కాలానికి ప్రతినిధి. ఉత్తరాలను ఎంబాక్స్ లాంటి ఫైలులోనే ఉంచి, పక్కన ఒక విషయసూచిక ఫైలును పెట్టుకునేది. జాబితా చూపడానికి సూచిక చాలు. ఉత్తరం తెరిచినప్పుడే పెద్ద ఫైలు అవసరం. సరిహద్దు పంక్తిలో పంపినవారి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలే రాసేది, ఎందుకంటే ఆ సమాచారం ఎలాగూ లోపలి శీర్షికల్లో ఉంటుంది. జతచేసిన ఫైళ్లను విడదీసి వేరే డైరెక్టరీలో పెట్టేది. పెట్టె పరిమాణం తగ్గేది గాని, ఆ డైరెక్టరీ తప్పిపోతే ఉత్తరం నుంచి జోడింపు శాశ్వతంగా విడిపోయేది.

నెట్‌స్కేప్ మెయిల్ ప్రోగ్రాము, దాని వారసత్వంగా 2004 డిసెంబర్‌లో 1.0 వెలువడిన థండర్‌బర్డ్ ఇదే మార్గంలో నడిచాయి. ప్రొఫైల్ డైరెక్టరీలో ఒక్కో ఫోల్డర్‌కు తోక లేని ఒక ఎంబాక్స్ ఫైలు, అదే పేరుతో ‘ఎం.ఎస్.ఎఫ్.’ తోక ఉన్న సూచిక ఫైలు ఉంటాయి. సూచిక చెడితే దాన్ని చెరిపేయవచ్చు, అసలు ఫైలు నుంచి తిరిగి తయారవుతుంది. చెరిపిన ఉత్తరం మీద గుర్తు మాత్రమే పడుతుంది. ‘కాంపాక్ట్’ చేసినప్పుడే ఫైలును తిరిగి రాస్తారు. మధ్యలోది తీయాలంటే అంతా తిరిగి రాయాలన్న పాత బాధను ఇలా వాయిదా వేశారు. 2015 నుంచి కొత్త ఖాతాలకు ఫోల్డర్‌కో ఫైలు కావాలా, ఉత్తరానికో ఫైలు కావాలా అన్న ఎంపిక థండర్‌బర్డ్ సెట్టింగుల్లో చేరింది.

మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ సాదా పాఠాన్ని వదిలి పి.ఎస్.టి. అనే సొంత డేటాబేస్ ఫైలును ఎంచుకుంది. ఉత్తరాలు, క్యాలెండర్, చిరునామాలు అన్నీ అందులోనే. పాత పి.ఎస్.టి.కి 2 జీబీ పరిమితి ఉండేది. అది దాటితే ఫైలు తెరుచుకోకపోయే ప్రమాదం. అవుట్‌లుక్ 2003లో కొత్త రూపం వచ్చి ఆ హద్దు పోయింది. ఈ ఫైలు లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ 2010లో బహిరంగంగా ప్రచురించింది. అప్పటిదాకా ఇతర ప్రోగ్రాములు దాన్ని ఊహించి చదవాల్సి వచ్చింది. యాపిల్ మెయిల్ 2005లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.4తో ఎంబాక్స్ నుంచి ఉత్తరానికో ఫైలు పద్ధతికి మారింది. అదే విడుదలలో వచ్చిన స్పాట్‌లైట్ వెతుకులాట ఒక్కో ఫైలును ఒక్కో అంశంగా చూస్తుంది కాబట్టి ఆ మార్పు అవసరమైంది.

తెలుగు ఉత్తరం ఫైలులో

ఎంబాక్స్ పుట్టింది ఏడు బిట్ల రోమన్ అక్షరాల కాలంలో. 1990ల్లో తెలుగువారు నెట్‌లో రాసుకున్నది కూడా ఎక్కువగా రోమన్ లిపిలోనే. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ అందుకు ఆధారం. అలా రాసిన ఉత్తరాలు ఎంబాక్స్‌లో యథాతథంగా చేరేవి, వెతికితే దొరికేవి.

1992లో రోమన్ కాని అక్షరాలనూ మెయిల్‌లో పంపనిచ్చే మైమ్ ప్రమాణం రావడం, యూనికోడ్ వ్యాపించడం వల్ల తెలుగు లిపిలోనే ఉత్తరం రాయడం సాధ్యమైంది గాని, ఫైలులో అది తెలుగుగా కనిపించడం అరుదు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యు.టి.ఎఫ్.-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. మెయిల్ దారిలో చెడకుండా దాన్ని బేస్64లోకి మారిస్తే 24 రోమన్ అక్షరాలవుతుంది. కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో 54 అవుతుంది. మామూలు వెతుకుడు కమాండ్‌కు ఎంబాక్స్‌లోని తెలుగు మాట దొరకదు. ముందున్న ఖాళీలు, చుక్కల సంఖ్యను బట్టి ఒకే మాట బేస్64లో మూడు రకాలుగా మారుతుంది కాబట్టి, మార్చిన రూపంతో వెతికినా నమ్మకం లేదు. ఉత్తరాలను విప్పి చదివి సూచిక తయారు చేసే ప్రోగ్రామే ఇక్కడ దిక్కు. బేస్64 పంక్తిలో ఖాళీలు ఉండవు కాబట్టి ‘ఫ్రమ్’ సమస్య మాత్రం దానంతట అదే తొలగిపోయింది.

సర్వర్‌కు తిరిగి వెళ్లిన ఉత్తరాలు

1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమ్యాప్ అనే ప్రోటోకాల్‌ది వేరే దారి. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. రీడర్ కావలసినది మాత్రం తెచ్చి చూపుతుంది. ఒకరికి ఇంట్లో ఒక కంప్యూటర్, ఆఫీసులో ఒకటి, చేతిలో ఫోను ఉండే రోజులు రావడంతో ఈ పద్ధతి గెలిచింది. దీనితో ఒకే పెట్టెను అనేక ప్రోగ్రాములు ఒకేసారి ముట్టుకునే పాత పరిస్థితి తిరిగి వచ్చింది. అందుకే ఐమ్యాప్ సర్వర్లు ఒకే ఫైలు పద్ధతిని క్రమంగా వదిలేశాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సైరస్ మొదటి నుంచీ ఉత్తరానికో ఫైలు పెట్టింది. కొరియర్ మెయిల్‌డిర్‌కు ఉప ఫోల్డర్లు చేర్చి మెయిల్‌డిర్ ప్లస్ ప్లస్‌గా విస్తరించింది. 2002లో టిమో సిరైనెన్ మొదలుపెట్టిన డవ్‌కాట్ ఎంబాక్స్‌నూ, మెయిల్‌డిర్‌నూ చదువుతూ, వేగం కోసం సొంత సూచికలు ఉంచుకుంటుంది.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ స్థలంతో వచ్చింది. అప్పటికి హాట్‌మెయిల్ 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ ఇస్తున్నాయి. స్థలం కోసం ఉత్తరాలు దింపుకోవలసిన అవసరం చాలామందికి అక్కడితో తీరింది. సొంత యంత్రంలోని ఉత్తరాల ఫైలు చాలావరకు సర్వర్‌లోని అసలుకు తాత్కాలిక ప్రతిగా మారింది.

అయినా సొంత నిల్వ అంతరించలేదు. ఆఫ్‌లైన్‌ఐమ్యాప్, ఎంబీసింక్ వంటి పరికరాలు సర్వర్‌లోని పెట్టెలను మెయిల్‌డిర్‌గా ఇంటి డిస్కుకు తెచ్చి, రెండు వైపులా మార్పులను సరిపోలుస్తాయి. 2009లో కార్ల్ వర్త్ మొదలుపెట్టిన నాట్‌మచ్ ఆ ఉత్తరాలకు సూచిక తయారు చేసి, ఫోల్డర్ల బదులు ట్యాగులతో వెతుకుతుంది. అది ఉత్తరానికో ఫైలు ఉన్న పెట్టెలనే అంగీకరిస్తుంది, ఎంబాక్స్‌ను కాదు.

ఎంబాక్స్‌కు మిగిలిన పాత్ర దాచుకోవడం, తరలించడం. 2013 డిసెంబర్‌లో గూగుల్ తన టేక్అవుట్ సేవలో జీమెయిల్‌ను చేర్చినప్పుడు, వినియోగదారుకు ఉత్తరాలన్నింటినీ ఇచ్చే రూపంగా ఎంబాక్స్‌నే ఎంచుకుంది. ప్రముఖుల ఈమెయిల్ సేకరణలను భద్రపరిచేందుకు స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయం తయారు చేసిన ఈప్యాడ్ కూడా ఎంబాక్స్‌ను తీసుకుంటుంది. నిత్యం మారే పెట్టెకు ఉత్తరానికో ఫైలు మేలు: ప్రతి మార్పూ ఒక్క ఉత్తరంతో ముగుస్తుంది, ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కరలేదు. ఇక మారని పెట్టెకు ఒకే ఫైలు మేలు: నకలు తీయడం సులభం, ఏ ప్రోగ్రామైనా చదవగలదు. ప్రస్తుత రీడర్ల సెట్టింగుల్లో రెండు ఎంపికలూ పక్కపక్కనే కొనసాగడానికి కారణం ఇదే.